చలిగదిలో కందిరీగ

కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గది నుంచి

బావమరిదికి,

ఇక్కడ అందరం క్షేమం. అక్కడి క్షేమం గురించి ప్రస్తుతానికి నాకు పెద్ద ఆసక్తి లేదు.

పోయిన వారం మా ఇంటికి భోజనానికొచ్చి, మా పాతకార్ల క్లబ్బు పెద్దమనుషుల ఎదుట నా కారును శవం అన్నావు. "బావగారు శవాన్ని బాగా కాపాడుతున్నారు, ఈగ కూడా వాలనివ్వరు" అన్నావు. వాళ్ళు నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది మా అధ్యక్షుడు. ఆ నవ్వు నాకింకా అరగలేదు. ఫోన్లోనే తిట్టొచ్చు గానీ ఫోన్లో మాట గాలికి పోతుంది, కాగితం మీద రాసింది పదికాలాలు ఉంటుంది. దీని నకలు కూడా ఒకటి ఫైల్లో పెట్టుకుంటున్నాను.

నీకు తెలిసిందే మళ్ళీ చెబుతాను, ఎందుకంటే నీకు తెలిసినట్టు లేదు. కందిరీగ లాంటి కార్లు లోకం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కూడా మిగల్లేదు. ఎందుకు మిగల్లేదు? నడిపారు కాబట్టి. నీలాంటి వీరులు ఒకదాన్ని చెట్టుకి గుద్ది, ఇంకొకదాన్ని లోయలోకి తోలి పారేశారు కాబట్టి. మీ అక్క పెళ్ళికి ముందు కొండరేసుల్లో నడిపిన కారే ఇది. అప్పట్లో దాని యజమాని ఎవరో నూలుమిల్లు ఆసామి. పసుపు రంగు చూసీ, ఆ చప్పుడు వినీ జనం దానికి కందిరీగ అని పేరు పెట్టారట. ఆయన పోయాక వేలానికొస్తే నేను కొన్నాను. పెళ్ళిరోజు కానుకగా మీ అక్కకిచ్చాను. ఇచ్చి, జాగ్రత్తచేశాను. ఇచ్చి వదిలేస్తే అది కానుక కాదు, ప్రమాదం.

మా కోల్డ్ స్టోరేజీలో చివరి గది, అన్నిటికన్నా చిన్నది, దానికే ఇచ్చాను. పక్క గదిలో బంగాళాదుంపలు ఎంత చల్లగా ఉంటాయో అదీ అంతే చల్లగా ఉంటుంది. తేమ లేదు, ఎండ లేదు, ఒక్కటే గుడ్డి బల్బు. తాళం ఆఫీసు బీరువాలో. నెలకోసారి కూలీల చేత చక్రాలు పావు చుట్టు దొర్లించి, టైరు నెత్తిన సుద్దముక్కతో నా చేత్తో నేనే గీత గీస్తాను. టైరు ఒకే చోట నిలబడి చదునైపోకుండా ఉండటానికి. ఇంత శ్రద్ధ నువ్వు నీ ఒంటి మీద కూడా పెట్టి ఉండవు.

మీ అక్కకు చూడాలనిపిస్తే గుడ్డచెప్పులు వేసుకుని వెళ్ళి చూసుకోవచ్చు. ఎవరూ ఆపలేదు. నువ్వు మాత్రం నీ డ్రైవింగ్ స్కూల్లో జనానికి గోడలు గుద్దడం నేర్పుకో. కళాఖండాల జోలికి రాకు.

ఇట్లు,
శవాల కాపరి, మీ బావ

---

డ్రైవింగ్ స్కూలు కారు ఎడమ సీటు నుంచి

బావగారికి నమస్కారాలు.

అక్షరాలు వంకరగా ఉంటే నన్నని లాభం లేదు. కారు నడుపుతున్నది కొత్త స్టూడెంటు, ఒక మందులషాపాయన. స్పీడ్ బ్రేకరు కనిపిస్తే కళ్ళు మూసుకుంటున్నాడు. అయినా ఈ కారు నడుస్తోంది చూడండి, దాని ఒంటి మీద గీత లేని చోటు లేదు గానీ బతికుంది.

మీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. కుక్కకు కొబ్బరికాయ దొరికిందట, తాను తినలేదు, ఇంకొకర్ని తిననివ్వదు. సామెత చెప్పాను, మిమ్మల్ని అనలేదు. అక్క ఆ కారుతో కొండ మలుపులు తిరుగుతుంటే చూడ్డానికి జనం రాళ్ళెక్కి నిలబడేవాళ్ళు. దాన్ని తెచ్చి మీరు దుంపల పక్కన పడుకోబెట్టారు. అడవి కాచిన వెన్నెలంటే ఏమిటో స్కూల్లో మాస్టారు చెప్పినప్పుడు నాకు అర్థం కాలేదు, మీ చివరి గది చూశాక అర్థమైంది.

అందంగా ఉంటే చాలు కదా అంటారు. సరే, అందం సంగతి వదిలేద్దాం, ఆరోగ్యం సంగతి మాట్లాడదాం. యంత్రం కదలకపోతే దాని రబ్బర్లు ఎండి పగులుతాయి. బ్రేకులు పట్టేస్తాయి. ట్యాంకులో పెట్రోలు మురిగి జిగురులా తయారవుతుంది. మీరు ఏటా పెట్రోలు మార్పిస్తున్నారా? లేదు. ఆ మాట మీరే గొప్పగా చెప్పారు, కొన్ననాటి పెట్రోలే ఇంకా ఉందని. క్లబ్బు పోటీలో దాన్ని స్టార్ట్ చేయమంటారు కదా, అప్పుడు చూద్దాం. అది ఒకసారి దగ్గి, రెండోసారి మూలిగి, మూడోసారి మీ పరువు తీస్తుంది. మీ అధ్యక్షుడు మళ్ళీ నవ్వుతాడు.

ఒక్క మాట సూటిగా అడుగుతాను. కానుకగా ఇచ్చానన్నారు. ఆ కానుక తాళం అక్క చేతిలో ఎప్పుడైనా పెట్టారా?

మందులషాపాయన గేటు స్తంభాన్ని రాసుకుంటూ లోపలికొచ్చాడు. ఉంటాను.

మీ బావమరిది

---

వంటింటి నుంచి

తమ్ముడూ,

నీ నోటికి గొళ్ళెం లేదా? మీ బావ నీ ఉత్తరం నాకు చదివి వినిపించారు, పైగా నటించి మరీ. ఫోన్ చేద్దామంటే పక్కగదిలోంచి వింటారు, అందుకే ఈ కాగితం.

కదలకపోతే పాడైపోతుంది, పెట్రోలు మురిగిపోతుంది అని నువ్వు ఆయనకు అంత విడమర్చి చెప్పాల్సిన అవసరం ఏముంది? ఆయనకు తిక్క ఉంది గానీ తెలివి లేదనుకున్నావా? మరి నా కారెందుకు పాడవలేదు అని ఏదో ఒక పొద్దున అనుమానం వస్తుంది. అప్పుడు నువ్వొచ్చి సమాధానం చెబుతావా?

నువ్వు నాకు చేసిన మేలు నేను మర్చిపోలేదులే. కిలోమీటర్ల అంకె కదలకుండా గేరుబాక్సు దగ్గర ఆ కేబులు ఊడదీసి ఇచ్చింది నువ్వే. మిగతాదంతా నా తిప్పలు. ఆదివారం సూపర్‌వైజరుకు సెలవు కాబట్టి గదుల్లో చలి ఎంతుందో చూసి పలక మీద రాసే పని నాది. బీరువా తాళం ఆ పూట నా దగ్గరే ఉంటుంది. మీ బావ క్లబ్బు మీటింగుకి పక్క ఊరు వెళతారు. పొద్దున ఒకసారి చలి రాస్తాను, మధ్యాహ్నం ఒకసారి రాస్తాను. మధ్యలో కందిరీగ నాది. వాచ్‌మన్ గేటు తీసి అటు తిరిగి నిలబడతాడు. కంచే చేను మేస్తుంటే వాడు మాత్రం ఏం చేస్తాడు?

పాత క్వారీ రోడ్డు మీద కొండ దాకా వెళ్ళొస్తాను. వచ్చాక చక్రాలు కడుగుతాను, మట్టి తుడుస్తాను, మీ బావ గీసిన సుద్దగీత చెరిపి మళ్ళీ టైరు నెత్తిన గీస్తాను. పెట్రోలు పోయించిన సంగతి ఎవరికి తెలుస్తుంది? ట్యాంకులోకి తొంగిచూసేవాళ్ళెవరు?

ఆ పూట లేకపోతే నేను ఏమైపోతానో నాకే తెలియదు. వారమంతా ఈ ఇంట్లో అన్నీ అడిగి చేస్తాను, ఆ ఒక్కటీ అడక్కుండా చేస్తాను. కాబట్టి నీ నోరు మూసుకో. బావతో పోట్లాడాలనిపిస్తే వేరే విషయం చూసుకో, ఆయన గురక ఉంది, ఆయన టై ఉంది.

అక్క

---

కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గది నుంచి

బావమరిదికి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

పోటీ అయింది. నడపకుండా దాచిన కార్ల విభాగంలో కందిరీగకు మొదటి బహుమతి వచ్చింది. దాన్ని లారీ మీద మోయించి తీసుకెళ్ళాను, చక్రం నేలకి తగలనివ్వలేదు. న్యాయనిర్ణేత చేతికి తొడుగులేసుకుని కూర్చుని తాళం తిప్పాడు. దగ్గలేదు. మూలగలేదు. మొదటి తిప్పుకే లేచింది. ఆ చప్పుడుకి డేరాలో వాళ్ళంతా టీ గ్లాసులు పట్టుకుని బయటికొచ్చారు. ఆయన బానెట్ ఎత్తి వాసన చూసి, "పెట్రోలు కొత్తదానిలా ఉందండీ" అన్నాడు. నేను మందహాసం చేశాను. మందహాసం అంటే నీకు తెలియదు, నీ స్కూల్లో ఎవరూ చేసి ఉండరు.

నీ సిద్ధాంతం ఏమైంది మరి? జిగురెక్కడ? పగిలిన రబ్బరెక్కడ? నేను ఆలోచించి తేల్చిన విషయం ఇది. పెట్రోలు మురిగేది వేడికి. చలిలో పెడితే దుంప మొలకెత్తదు, పండు కుళ్ళదు, పెట్రోలూ అంతే. వాహనలోకం ఇన్నాళ్ళూ ఈ సంగతి గమనించలేదు, ఎందుకంటే వాళ్ళలో ఎవడికీ కోల్డ్ స్టోరేజీ లేదు. దీని మీద క్లబ్బు పత్రికకు ఒక వ్యాసం రాశాను, "చల్లదనంలో ఇంధన స్థైర్యం" అని. అచ్చయింది. ఒక కాపీ నీకు పంపుతున్నాను, మీ స్టూడెంట్లకు చదివి వినిపించు.

ఇంకో శుభవార్త. వ్యాసం చదివి కార్ల మ్యూజియం వాళ్ళు వచ్చారు. కందిరీగను శాశ్వతంగా తీసుకుంటామన్నారు. ఆయిలు, పెట్రోలు అంతా తీసేసి, ఇంజను లోపల మైనం పోసి, గాజుపెట్టెలో పెట్టి సీలు వేస్తారట. ఇక ఎప్పటికీ ఎవరూ తాకలేరు. కొన్ననాటి నుంచి నడపలేదని ఒక ధ్రువపత్రం కావాలన్నారు, సంతోషంగా సంతకం చేసిచ్చాను. గాజుపెట్టె కింద నా పేరూ మీ అక్క పేరూ పక్కపక్కన ఉంటాయి. కొత్త నెలలో లారీ వస్తుంది.

మీ అక్కకు చెప్పాను. లోపలికి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. ఆనందం ఎక్కువైతే ఆడవాళ్ళు అలాగే చేస్తారనుకుంటాను.

ఇట్లు,
విజేత

---

డ్రైవింగ్ స్కూలు నుంచి, కారు ఆపి

బావగారూ,

ఈసారి వెక్కిరింపులు లేవు. రాద్దామని కూర్చుంటే చేతికి రావడం లేదు. మీ వ్యాసం గురించి కూడా ఏమీ అనను, దానికి తగిన మాట నా దగ్గర లేదు.

కారును ఇవ్వకండి.

ఆ కొండరేసు మీరు చూడలేదు, నేను చూశాను. ఆ రోజు వాన పడి ఆగింది. మగవాళ్ళు ఒక్కొక్కరూ పైకెళ్ళి, మలుపులో జారి, తిట్టుకుంటూ దిగొస్తున్నారు. అక్క వంతు వచ్చేసరికి ఆ నూలుమిల్లు ఆసామే వద్దమ్మా అన్నాడు. అక్క వినలేదు. కింద నుంచి మాకు కారు కనబడలేదు, చప్పుడే వినబడింది. ప్రతి మలుపు దగ్గరా ఆ చప్పుడు కాస్త తగ్గేది, మళ్ళీ లేచేది. నాన్న కండువా నోట్లో కుక్కుకుని నిలబడ్డాడు. దిగొచ్చాక అక్క కారు మూతి మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంది. వేడెక్కిన రేకు, చెయ్యి కాలి ఉంటుంది. తీయలేదు.

అప్పుడు దాన్ని అలా తాకిన మనిషిని ఇప్పుడు గుడ్డచెప్పులేసుకుని దూరం నుంచి చూడమంటున్నారు. పైగా ఇంజనులో మైనం పోస్తారట. మైనం పోసిన ఇంజను ఇంజనా, బావగారూ? అది కొవ్వొత్తి.

అక్క గిన్నెలు కడిగింది ఆనందంతో కాదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాత్రం తెలియకపోతే ఇంక మీకు చెప్పేదేముంది? ఆవిడ నోరు తెరిచి అడగదు, ఆ జబ్బు మా ఇంట్లో అందరికీ ఉంది. ఆవిడ తరఫున నేనడుగుతున్నాను. గాజుపెట్టె వద్దు.

మీ బావమరిది

---

కోల్డ్ స్టోరేజీ చివరి గది నుంచి, బల్బు కింద

ఓ పెద్దమనిషీ,

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సుద్దముక్క పట్టింది.

గాజుపెట్టెకు కొలతలివ్వాలని నిన్న టేపు తీసుకుని గదిలోకి వెళ్ళాను. నాలుగు టైర్ల నెత్తినా సుద్దగీతలున్నాయి. బావమరిదీ, పోటీకి ముందు ఆ గీతల్ని తడిగుడ్డతో తుడిచేసింది నేనే. ఆ తర్వాత గీయలేదు. ఎలాగూ గాజుపెట్టెలోకి పోయే కారుకు ఇక గీతెందుకని. మరి ఇవెక్కడి నుంచి వచ్చాయి? పైగా నేను గీసే గీత నిటారుగా ఉంటుంది. ఇవన్నీ కుడికి వాలి ఉన్నాయి, ఆదివారం పలక మీద చలి రాసే అంకెల్లాగే. మీ అక్క దొంగతనాన్ని దాచడానికి ఎంత అలవాటు పడిపోయిందంటే, చెరపడానికి గీత లేనప్పుడు కూడా చెరిపి గీసేసింది.

ఇవాళ ఆదివారం. క్లబ్బుకని చెప్పి బయల్దేరాను. ఎదుటి అట్టపెట్టెల షెడ్డు ఎక్కి పెట్టెల వెనక నక్కాను. నా కోల్డ్ స్టోరేజీకి ఎదురుగా నేనే దొంగలా కూర్చోవడం, డ్రైవరుకు నోరు మూసుకోమని చెప్పడం, అన్నీ నీ చలవే. వాచ్‌మన్ గేటు తీసి అటు తిరిగి నిలబడ్డాడు, సిగ్గులేనివాడు. కందిరీగ బయటికొచ్చింది.

రాయకూడదనుకున్నాను గానీ రాస్తున్నాను. మీ అక్క ముఖం నాకు తెలుసనుకునేవాణ్ణి. గేటు దాటగానే అడ్డంగా ఆపిన ఒక లారీవాణ్ణి తిట్టింది. ఏమని తిట్టిందో చెప్పను, ఈ కాగితం రేపు ఎవరైనా చదవొచ్చు. వాడు జడిసి లారీ వెనక్కి తీశాడు. అప్పుడు నవ్వింది. మా పెళ్ళి ఫోటోలో కూడా అలా నవ్వలేదు. ఆ ఫోటో నేను అద్దం కట్టించి పెట్టాను కదా, రోజూ చూస్తాను, నాకు తెలుసు.

ఇప్పుడు నా సంగతి విను. బహుమతి తీసుకున్నాను. ధ్రువపత్రం మీద సంతకం పెట్టాను. చలిలో పెట్రోలు మురగదని దేశమంతా చదివేలా వ్యాసం రాశాను. ఆ పెట్రోలు మురగకపోవడానికి కారణం అది వారం వారం కొత్తగా పోయడం. ఇది బయటపెడితే పరువు పోతుంది, పెట్టకపోతే దొంగ సంతకం. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. దొంగతనం చేసింది మీరు, తేలు కుట్టింది నన్ను, న్యాయం చూడు.

కిలోమీటర్ల అంకె కదల్లేదంటే కేబులు ఊడదీశారు. అది మీ అక్క ఒక్కతి పని కాదు. సంజాయిషీ రాయి. మీ అక్కతో నేనింకా ఏమీ అనలేదు.

నకలు తీయడం లేదు.

---

డ్రైవింగ్ స్కూలు నుంచి

బావగారికి,

సంజాయిషీ అడిగారు. లేదు. కేబులు నేనే ఊడదీశాను, మళ్ళీ అడిగితే మళ్ళీ ఊడదీస్తాను. నా జీవితంలో చేసిన మంచి పనులు తక్కువ, వాటిలో ఒకదానికి క్షమాపణ చెప్పుకోమంటే ఎలా?

మీరు షెడ్డెక్కి పెట్టెల వెనక నక్కిన దృశ్యాన్ని రోజుకోసారి తలుచుకుంటున్నాను. అన్నం బాగా అరుగుతోంది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. ఇక్కడ తన్నినావిడ మీ ఇంట్లోనే ఉంది, రోజూ మీకు అన్నం పెడుతోంది.

కానీ బావగారూ, ఒకటి చెప్పాలి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పరువు గురించి రాసినప్పుడు మీ రాత ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది. ఆ నవ్వు గురించి రాసిన చోట మాత్రం సిరా అలుక్కుపోయింది. మీరు నేను అనుకున్నంత మూర్ఖులు కారేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది. ఈ అనుమానం నిజమవ్వాలనేం లేదు, నేను అలవాటుపడగలను.

మీ ముందున్నది ఒకే ప్రశ్న. కారును గాజుపెట్టెలోకి పంపి మీ సంతకాన్ని కాపాడుకుంటారా, ఆ నవ్వును కాపాడతారా? మీరు కాపాడటంలో ఆరితేరినవారు. దేన్ని కాపాడాలో తేల్చుకోవడం ఎప్పుడూ మీకు రాలేదు, అంతే.

నన్నడిగితే, నేరుగా అక్కనే అడగండి. దొంగతనం గురించి కాదు. వేరే ఏదైనా.

మీ బావమరిది

---

ఇంటి వసారా నుంచి

బావమరిదికి,

అడిగాను.

భోజనాల దగ్గర అడిగాను. మీ అక్క కూర వడ్డిస్తోంది. ఉపోద్ఘాతం ఒకటి తయారుచేసుకున్నాను గానీ నోట్లోంచి వేరేది వచ్చింది.

"పెట్రోలు ఎక్కడ పోయిస్తున్నావు?" అన్నాను.

గరిటె ఆగింది. మళ్ళీ కదిలింది. "వంతెన పక్క బంకులో. అక్కడ కల్తీ ఉండదు" అంది.

ఇద్దరం అన్నం తిన్నాం. ఆ పూట గిన్నెలు ఒక్కసారే కడిగింది.

మ్యూజియం వాళ్ళకు కారు ఇవ్వననీ, ధ్రువపత్రం వెనక్కి ఇచ్చేయమనీ రాశాను. క్లబ్బుకు నేనే వెళ్ళి బహుమతి బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. వ్యాసం తప్పని వచ్చే సంచికలో వేయమన్నాను. అప్పుడు చూడాలి ఆ సభ. తమ కారు ఎప్పుడైనా ఇంటి గేటు దాటిందా అని అడిగితే నీళ్ళు నమిలే మహానుభావులంతా నన్ను చూసి ముక్కు మీద వేలేసుకున్నారు. అధ్యక్షుడు మళ్ళీ నవ్వాడు. భార్యనే అదుపులో పెట్టుకోలేనివాడు కారునేం కాపాడతాడయ్యా అన్నాడు.

"నేను కాపాడలేదండీ. ఆవిడ కాపాడింది" అన్నాను.

ఆ మాట ముందుగా అనుకున్నది కాదు. అని చూసుకుంటే నిజమే. నా చలీ, నా గుడ్డచెప్పులూ, నా సుద్దముక్కా ఆ కారును ఎప్పుడో చంపేసి ఉండేవి. మీ అక్క నా కన్నుగప్పి దాన్ని బతికిస్తూ వచ్చింది. ఇది ఒప్పుకోవడానికి నాకు ఒళ్ళు మండుతోంది. మండుతున్నా ఒప్పుకుంటున్నాను. క్లబ్బుకు రాజీనామా ఇచ్చాను. ఆ నలుగురి మొహాలూ ఇక చూడక్కర్లేదన్నది ఒక్కటే లాభం.

తర్వాత మీ అక్క నన్ను కారెక్కించుకుంది. కొండ దాకా తీసుకెళ్ళింది. ఎలా ఉందని అడుగుతావేమో, చెప్పను. మూడో మలుపులో కళ్ళు మూసుకున్నాను, నీ మందులషాపాయన మీద గౌరవం పెరిగింది. సీటు అంచు పట్టుకున్న వేళ్ళు మర్నాటికి గానీ తిన్నగా రాలేదు. నడపకూడదని నేను ఇన్నాళ్ళూ అన్నది ఎంత సబబో ఆ మలుపులో నాకు రుజువైంది. పైకెళ్ళాక కారాపి, దాని మూతి మీద అరచెయ్యి పెట్టింది. నువ్వు రాసినట్టే. నేనూ పెట్టి చూశాను. కాలింది, తీసేశాను.

ఇప్పుడు అసలు విషయం. ఇది నీకూ నాకూ మధ్య.

నాకు డ్రైవింగ్ రాదు.

ఎప్పుడూ రాదు. చిన్నప్పటి నుంచీ డ్రైవరున్నాడు, అవసరం రాలేదు. అవసరం వచ్చేసరికి వయసొచ్చింది, అడగడానికి సిగ్గేసింది. క్లబ్బులో ఇన్నేళ్ళున్నాను, ఒక్కడూ కనిపెట్టలేదు. కారును నడపకూడదనేవాణ్ణి పట్టుకుని నీకు నడపడం వచ్చా అని ఎవరడుగుతారు?

ఆదివారాలు నాకిప్పుడు ఖాళీ. బస్సెక్కి నీ స్కూలుకొస్తాను, డ్రైవరుకు కూడా తెలియకూడదు. మీ అక్కకు క్లబ్బువాళ్ళు బతిమాలి మళ్ళీ పిలిచారని చెప్పాను. రెండు బ్రేకుల కారు సిద్ధంగా ఉంచు. గోడకు దూరంగా ఉన్న చోట నేర్పించు. నవ్వితే డబ్బులు కట్టను.

వచ్చేటప్పుడు కేబులు సంగతి కూడా మాట్లాడదాం. దాన్ని మళ్ళీ తగిలించాలి. ఇకనుంచి ఆ కారు ఎంత దూరం వెళ్ళిందో దాని మొహం మీదే కనబడాలి.

ఇట్లు,
మీ కొత్త స్టూడెంటు

---

వంటింటి నుంచి

తమ్ముడూ,

మీ బావ ఈమధ్య అన్నం తింటూ టేబులు కింద ఎడమకాలు నొక్కుతున్నారు. నొక్కి, మెల్లగా వదులుతున్నారు. వదిలేటప్పుడు నాలుక కొంచెం బయటికొస్తోంది. మొన్న మంచినీళ్ళ గ్లాసును రెండో గేరులో వేశారు.

క్లబ్బువాళ్ళు బతిమాలి పిలిచారట. ఆ అధ్యక్షుడు తన పెళ్ళాన్నే బతిమాలడు, ఈయన్ని బతిమాలతాడా? నేను అవునా అన్నాను, టిఫిను కట్టిచ్చాను. బస్సులో ఆకలేస్తుంది కదా.

నాకు తెలిసినట్టు ఆయనకు చెప్పకు. ఇన్నాళ్ళూ నా దొంగతనాన్ని ఆయన కనిపెట్టలేదు, ఆయన దొంగతనం నేను రెండో వారానికే కనిపెట్టాను. అది తెలిస్తే చిన్నబుచ్చుకుంటారు. పాపం, దొంగతనంలో ఇంకా కొత్త.

తాళం ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది, గోడకు మేకు కొట్టి తగిలించాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళొచ్చు, నిజమే. కానీ మామూలు రోజుల్లో ఆయనా ఎక్కుతున్నారు. పక్కన కూర్చుని లేని బ్రేకు తొక్కుతూ, ప్రతి గుంతకీ అమ్మో అంటుంటే కందిరీగ కూడా సగం వేగమే వెళుతోంది. ఆదివారం ఒక్కటే నేనూ అదీ ఉంటాం.

అందుకని ఒక మాట. ఆయనకు బాగా నేర్పు, ఓపిగ్గా నేర్పు. త్వరగా మాత్రం నేర్పకు.

అక్క